కాశిబుగ్గ రాయమల్లు ఫోను చేస్తే

“హలో, బట్టల షాపేనా? నిన్న మాట్లాడిన రాయమల్లును బిడ్డా. తిన్నవా?”

మా కాశిబుగ్గ రాయమల్లు కాకాకు ఒకటే జబ్బు. హోర్డింగు మీద నంబరు కనబడితే ఫోను చేయాల్సిందే. నలభై ఏళ్లు జంపఖానాలు నేసిన మనిషి. పోగు తెగితే అతికేదాకా లేవనట్టే, ఫోన్లో మాట తెగితే మళ్లీ కలిపేదాకా వదలడు.

ఒక కాలేజీ బోర్డు మీద అందరూ ఫస్టు ర్యాంకులే. “లాస్టు వచ్చిన పిల్లగాడు మంచిగున్నడా సారు? అన్నం తింటాండా?” అని అరగంట అడిగాడు. ఫ్లాటు కొంటే స్కూటరు ఉచితమన్న కంపెనీకి, “స్కూటరు పంపుండ్రి, ఫ్లాటు మీ దగ్గర్నే ఉంచుకోండ్రి” అని వారం రోజులు నచ్చజెప్పాడు. చివరికి కంపెనీయే నంబరు మార్చుకుంది.

ఈసారి మా చౌరస్తాలో బట్టల షాపు బోర్డు. ఎండిన పత్తిచేను, నడుమ పట్టుచీరలో కన్నీరు పెడుతున్న మోడల్, కాళ్ల దగ్గర పురుగుల మందు డబ్బా. ‘రైతన్న కన్నీటికి మా నివాళి’. దాని కిందే, ‘పెళ్లి చీరలపై ముప్పై శాతం తగ్గింపు’.

పన్నెండు రోజులు ఫోన్లు నడిచాయి. షాపులో ఫోనెత్తే పూజ అనే పిల్ల ఇంటి సంగతులన్నీ కాకాకు కంఠతా వచ్చేశాయి. ఆ పిల్ల తట్టుకోలేక చివరికి ఓనరుకే కలిపింది. కాకా స్పీకరు పెట్టాడు.

“అది అవేర్‌నెస్ అంకుల్. రైతుల గురించి జనం మాట్లాడుకోవాలని పెట్టినం.”

“మాట్లాడుకుంటాండ్లు సారు. బోర్డు మీది పిల్ల జాకెట్టు ఎక్కడ కుట్టించిందని.”

“మంచి మాట చెప్పుడు తప్పా?”

“తప్పెట్లయితది? గని బాధ చెప్పిన నోటితోనే బేరం చెప్తె, రెండిట్ల ఏది నమ్మాలె?”

“మీకేం కావాలి అంకుల్? ఒక చీర ఫ్రీగా పంపిస్త.”

నేను నవ్వాను. కాకా నవ్వలేదు.

“చీర వద్దు. మా వెనకింట్ల ఒకామె ఉంటది. పత్తి ఎండిన ఏడు ఆమె పెనిమిటి గసొంటి డబ్బనే తాగిండు. మీ బోర్డు పెట్టినకాంచి చౌరస్త ఇడిసిపెట్టి, రెండు కిలోమీటర్లు సుట్టు తిరిగి పనికి పోతాంది. మీ అవేర్‌నెస్ ఆమెకు మస్తున్నది సారు.”

“రేపు తీయిస్త” అని ఓనరు ఫోను పెట్టేశాడు.

“ఈ మాట మొదటి రోజే అంటే అయిపోయేది గదా కాకా?” అన్నాను.

“ఆమె దుఃఖం చూపెట్టి నా పని చేసుకుంటే, ఆ షాపాయనకు నాకు ఫరకేంది? అది చెప్పకుంటనే గెలుద్దామనుకున్న. కాలే.” తప్పు చేసినవాడిలా తల గోక్కున్నాడు.

మరునాడు పొద్దున్నే చౌరస్తాలో ఉత్త ఇనుప చట్రం మిగిలింది. పరుగున వచ్చి చెప్తే కాకా నన్ను కూర్చోనివ్వలేదు.

“జర ఉరుకు! వెనకింటి సమ్మమ్మ పనికి ఎల్లేలోపట, ఇయ్యాల్టి సంది చౌరస్త మీదికెల్లే పొమ్మను. బోర్డు గాలికి చినిగిందని చెప్పు. ఆమె ముచ్చట నేను పరాయోళ్ల ముందల తీసిన్నని తెలిస్తె, ఇగ ఆ ఇంట్లకెల్లి నాకు మామిడి తొక్కు రాదురా నాయినా!”