అక్కకు క్వీజీ, నాకు వికారం

అక్క పోయిందని కర్నూలు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి, నేను స్నానం చేసి వద్దామని కోయిలకుంట్లలో ఇంటికొచ్చి ఉన్నాను. చివరి ఘడియలో ఆమె చెయ్యి పట్టుకున్నది వార్డు ఆయా అట. ఏడుపు కంటే ముందు నాకు ఆ ఆయా మీద కుళ్లు పుట్టింది.

అక్క అంటే తోబుట్టువు కాదు, మా పెద్ద తోడికోడలు. బడిలో ఇంగ్లీషు టీచరు. ఆమెను చూసి కుళ్లుకోవడం నాకు అన్నం తిన్నంత మామూలు. ఆమె జడ, ఆమె చేతిరాత, ఆమె చేసే ఉగ్గాని. చివరికి ఆమె జబ్బు కూడా.

మా చర్చిలో ఆదివారం ఆరాధన చివర, ఒంట్లో బాగలేనివాళ్లు లేచి చెప్పుకుంటారు. మధ్యాహ్నం ఆడవాళ్లు వాళ్లింటికి వెళ్లి పలకరిస్తారు. ఒకసారి అక్క లేచి, "నాకు క్వీజీగా ఉండాది, ప్రార్థన చేయండి" అంది. ఆ మాట ఎవరికీ తెలియదు. ఏదో పెద్ద రోగమే అనుకున్నారు. పాస్టరయ్య కళ్లు తుడుచుకున్నాడు. మధ్యాహ్నానికి మా ఉమ్మడి ఇంటి వసారా నిండిపోయింది. అదే ఆదివారం నేనూ లేచి వికారంగా ఉందన్నాను. నాకప్పుడు మూడో నెల. నన్ను ప్రార్థనలో "తక్కిన బలహీనులందరి"లో కలిపేశారు.

జనం వెళ్లాక నిలదీశాను. "ఏం రోగమక్కా అది?"

"రోగం కాదు మే. కడుపులో తిప్పుతాది, వాంతి వచ్చేట్లుంటాది, రాదు. మనసుకు ఒప్పని పని చేయాల్సొచ్చినా లోపల అట్లే ఉంటాది. దానికీ ఆ మాటే వాడతారు."

"నాకుండేదీ అదే కదా!"

"అదే. నీకే శానా ఎక్కువ" అని నవ్వింది. "బాగలేనప్పుడు పేరు పెట్టి చెప్పుకోవాల. ఊరికే బాగలేదంటే ఎవురింటారు?"

మరుసటి ఆదివారం ఆమే లేచింది. "నా చెల్లెలికి క్వీజీగా ఉండాది." ఆ వారమంతా నాకు గంజి, నిమ్మకాయలు, పలకరింపులు. అయినా నా కుళ్లు చల్లారలేదు. నేను చెబితే వినని చెవులు ఆమె చెబితే ఎట్లా విన్నాయి?

ఈ ఏడు ఆమె కడుపులో గడ్డ. పేరు పెట్టి చెప్పుకోమన్న మనిషి, చర్చిలో ఒక్కసారీ లేవలేదు.

పోయే ముందు రోజు ఆడవాళ్లంతా ఆసుపత్రికి వచ్చారు. మంచం చుట్టూ మూగారు. నేను వెనక గోడకానుకుని నిలబడ్డాను. నన్నొక్కరూ పలకరించలేదని, సిగ్గులేకుండా, అప్పుడు కూడా ఉడుక్కున్నాను. అక్క కళ్లు నన్ను వెతికి పట్టుకున్నాయి.

"నాదేముందిలేమ్మా. దాన్ని చూడండి, నిద్దర్లేక ఎట్లయిపోయిందో."

అందరూ నావైపు తిరిగారు. ఒకామె నా తల నిమిరింది. ఇంకొకామె ఫ్లాస్కులోంచి కాఫీ పోసింది. వాళ్ల భుజాల సందులోంచి చూశాను. అక్క అవతలి గోడవైపు తిరిగి, మూలుగు వినపడకుండా దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంటోంది.