పిడికిలి ఎత్తినవాడు

ఓడ అడుగున సరుకు కట్టేవాడి కేక పైన క్రేనులో కూర్చున్నవాడికి వినిపించదు. నడుమ గాలి, ఇంజన్ల రొద. అందుకని ఇద్దరికీ కనపడేచోట, డెక్కు అంచున ఒక మనిషి నిలబడి చేతులతో మాట్లాడతాడు. విశాఖ రేవులో ముప్ఫయ్యొక్క ఏళ్లు అలా మాట్లాడినవాడు కృపాకర్. పిడికిలి ఎత్తితే ఆగు. చూపుడువేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తు. అరచేయి కిందికి వాలిస్తే దించు. బాబేలు గోపురం కట్టినవాళ్లకు ఈ మూడు సైగలూ తెలిసుంటే ఆ కట్టడం మబ్బులు దాటేదేమో. అక్కడ దేవుడు తారుమారు చేసినవి నాలుకలే గాని చేతులు కావు కదా!

మల్కాపురం చర్చిలో క్వయర్‌ని నడపడానికి కూడా ఆయనకు వేరే విద్య రాలేదు. పిడికిలి ఎత్తితే పద్దెనిమిది మందీ లేచి ఊపిరి బిగబడతారు. వేలు తిప్పితే పాట ఎత్తుకుంటారు. కొత్తగా చేరినవాళ్లు నవ్వేవారు. నెల తిరిగేసరికి వాళ్లకూ అదే అలవాటయ్యేది. భార్య జయశీల అన్నకొడుకు జాక్సన్, ఆ చేతుల్నీ పొద్దుటి మంచులో క్రేన్లనీ కలిపి ఒక పాట వీడియో తీశాడు. అది క్రైస్తవ గీతాల వీడియో అవార్డుల్లో చివరి అయిదింటిలో నిలిచింది.

అందరూ సంబరపడుతుంటే కృపాకర్ గుండెల్లో రాయి పడింది. రెండేళ్లుగా ఆయనకు వినపడదు. ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిచెవిలోకి మాటలు గోనెసంచిలోంచి వచ్చినట్టు వస్తాయి. సంగతి జయశీలకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఈ క్రిస్మస్‌కే క్వయర్ జాక్సన్ చేతికి పోతుంది. చెవిటివాడికి పాట ఎవరు అప్పజెబుతారు?

"మైకిచ్చి ఏటైనా అడిగితే?" అన్నాడు బయల్దేరేముందు.

జయశీల ఆయన కుడిచెవికి నోరానించింది. "నానుంటాను కదా. పేరు సదివినప్పుడు సెయ్యి ఓపాలి నొక్కితే వేరేవోళ్లు. రెండుసార్లు నొక్కితే మనం."

"మూడుసార్లు నొక్కితే?"

"ఆకలేస్తందని. పదండి, ఆటో వచ్చీసింది."

మద్దిలపాలెంలోని ఆ హాలంతా నీలం వెలుగు. వేదిక మీద పొగ మోకాళ్లదాకా పాకుతోంది. అందులోంచి గెలిచినవాళ్లు నీళ్ల అడుగున నడుస్తున్నట్టు మెల్లగా వచ్చి, వెండి రంగు వీణబొమ్మ అందుకుని, నోళ్లు తెరిచి, మూసి, మాయమవుతున్నారు. చప్పట్లు ఆయన చెవికి రావు. కుర్చీ కాళ్లలోంచి పాదాల్లోకి చీమల్లా పాకుతాయి. మంచి గీతరచన ఎవాంజలిన్ అనే పిల్లకు. జయశీల ఓపాలి నొక్కింది. మంచి స్వరం ఎవరో ముసలాయనకు. ఓపాలి. ఆ చేయి ఒక్కటే ఆయనకు గట్టు.

అప్పుడు చూశాడు. తలల మీదుగా పొడుగాటి ఇనుప చెయ్యి ఒకటి తిరుగుతూ వస్తోంది. దాని కొసన నల్లటి బరువు. అది కెమెరా అని చెబితే ఆయన ఒప్పుకునేవాడే. చెప్పడానికి వ్యవధి ఏదీ? కింద మనుషులుండగా లోడు తిప్పరాదు. జయశీల చేతిలోంచి చేయి లాక్కుని లేచి పిడికిలి ఎత్తేశాడు.

ఇనుప చెయ్యి ఠక్కున ఆగింది.

వెనక వరుసలో తెల్లబట్టల్లో కూర్చున్న పద్దెనిమిది మందీ లేచి నిలబడ్డారు.

కృపాకర్ తిరిగి చూశాడు. పద్దెనిమిది గుండెల నిండా ఊపిరి. అలా బిగబట్టినవాళ్లను గాల్లో వదిలెయ్యడం రేవులో గాని, చర్చిలో గాని ఆయన ఎరగడు. చూపుడువేలు తిరిగింది. పాట లేచింది. వేదిక మీద మంచి వీడియో కవరు చించి పేరు చదివింది సరిగ్గా ఆ క్షణంలోనే అని ఆయనకు తెలియదు. నొక్కే చేయి చేతిలో లేదు.

పాట ముగిశాక చూస్తే వేదిక మీద కవరు చించేసి ఉంది. యాంకర్ స్టెఫీ మైకుతో కిందికి పరుగెత్తుకొచ్చి ఏదో అడిగింది. ఎర్రటి పెదాలు కదిలాయి. జయశీల అడ్డం రాబోయింది. కృపాకర్ ఆమెను ఆపి మైకు తీసుకున్నాడు.

"అమ్మా, నాకు ఇనపడదు. రెండేళ్లయింది. ఇప్పుడు సదివింది ఎవుల పేరు?"

మొదటి వరుసలోంచి జాక్సన్ లేచి వచ్చాడు. మావయ్య కళ్లలోకి చూసి, అరచేయి కిందికి వాల్చాడు. మనకు కాదు. అదే చేత్తో, బొమ్మ పట్టుకుని వేదిక మీద నిలబడ్డ జాలరిపేట బృందాన్ని చూపించాడు.

కృపాకర్ తల ఊపాడు. మైకు తిరిగిచ్చేసి, కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

జాక్సన్ కూర్చోనివ్వలేదు. ఆయన మణికట్టు పట్టుకుని పైకెత్తి వదిలేసి, వెళ్లి ఆ తెల్లబట్టల వరుస చివర పంతొమ్మిదోవాడిగా నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి, అందరిలాగే ఆ పిడికిలి వైపు చూస్తూ.