తపస్కాలంలో నా దీక్ష

ఆ రోజుల్లో ఏ పనైనా అప్లికేషన్ పెడితే అయిపోతుందని నాకు గట్టి నమ్మకం. కొత్తగా టీచరు ఉద్యోగం, భద్రాచలం అడవి అంచున ఊరు, ఒక కిరాయి ఇల్లు, బోనకల్ నుంచి తోడు తెచ్చుకున్న అమ్మ. అక్కడి చిన్న చర్చిలో కాసేపు కూర్చుంటే మనసు ఎంత కుదుటపడేదో చెప్పలేను. నేనూ కతోలికుణ్ణి అవుదామని ఒకనాడు ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు పట్టుకుని వెళ్లాను (గెజిటెడ్ సంతకం కూడా చేయించాను). ఫాదర్ గారు వాటిని మర్యాదగా వెనక్కిచ్చి, పెద్దవాళ్లు చేరాలంటే ఏడాదిపాటు నేర్చుకోవాలనీ, చివర తపస్కాలం నలభై రోజులూ ప్రత్యేకంగా సిద్ధపడాలనీ, ఆపైన పాస్కా పండుగకు, అంటే ఈస్టరుకు, జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇస్తారనీ చెప్పి, పాఠాలకు ఉపదేశి తాతకు అప్పగించారు. తాతకు వారమంతా పొలం పని, ఆదివారం మాకు ప్రార్థనలు నేర్పే పని. అమ్మకేమో స్పెషల్ క్లాసులున్నాయని చెప్పాను. క్లాసులే కదా, అబద్ధమెలా అవుతుంది?

తపస్కాలం వచ్చింది. నలభై రోజులంటే నాకు తెలిసింది మాల వేసుకుని చేసే దీక్షే. ఎవరూ చెప్పకుండానే చెప్పులు వదిలేశాను. చన్నీళ్ల స్నానం, చాప మీద పడక, ఒంటిపూట భోజనం. బడిలో పిల్లల్ని కూడా స్వామీ అని పిలిచాను. రెండు వారాలకు కాళ్లు బొబ్బలెక్కి, కుంటుతూ వెళ్లి, మెడలో మాల ఎప్పుడు వేస్తారని తాతను అడిగాను. ఆయన నవ్వలేదు. నా కాళ్లు చూసి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“గిదంతా ఎవలు చెయ్యమన్నరు సారూ? చెప్పులు ఇడ్సుడు అల్కనే, ఇంట్ల చెప్పుడే కష్టం. అమ్మకు చెప్పినవా?”

లేదన్నాను.

“అమ్మకు చెప్పినంకనే జ్ఞానస్నానానికి నీ పేరు ఇస్త.”

ఏడాది చదువు నీళ్లపాలయ్యేలా ఉంది. ఇంటికెళ్లి, మూడుసార్లు మంచినీళ్లు తాగి, దాచినదంతా అమ్మకు చెప్పేశాను. తర్వాత తెలిసిందేమంటే, నా వాలకం చూసి ఏ దేవుడికో మొక్కుకున్నానని తనే అనుకుందట. అడిగితే దీక్ష చెడుతుందని అడగకుండా, రోజూ తలస్నానం చేసి, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా వండుతూ, తనూ ఒంటిపూటే తింటోందట. కూర చప్పగా ఉందని నేను విసుక్కున్న రోజులు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

“ఉల్లిగడ్డ తింటే మీ దేవుడు ఏమంటడ్రా?” అంది చివరికి.

ఏమీ అనడన్నాను.

“మరి జల్దీ చెప్పొద్దా?” అని కత్తిపీట ముందేసుకుంది.

ఆ పాస్కా పండుగకే నాకు జ్ఞానస్నానమైంది. అమ్మ తన బొట్టుతోనే వచ్చి చూసింది. తను మారలేదు, మారమని నేనూ అనలేదు. ఆ ఏడు మా ఇంట్లో నిజంగా తపస్కాలం పాటించిన మనిషికి దాని పేరు కూడా తెలియదు. అంతా నేనే చేస్తున్నాననుకుని ఊరంతా కుంటుతూ తిరిగిన ఆ కుర్ర సారును తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది, కాస్త నవ్వూ వస్తుంది.