తలుపు మూసిన పాఠం

నిన్న పెరట్లో దొండపాదు సర్దుతుంటే ఆకులు నలిగి వేళ్లకు పసరు అంటుకుంది. ఆ పచ్చి వాసన ముక్కుకు తగలగానే చేతిలో పని ఆగిపోయింది. నా కుర్రతనంలో బడిపిల్లలు చెక్క పలకల మీద బొగ్గూ దొండాకు పసరూ కలిపి రుద్ది ఆరబెట్టుకునేవారు. సిద్దిపేట బడిలో రెండో తరగతి గది పొద్దున పూట ఆ వాసనతో నిండిపోయేది. ఆ గదిలో పాఠం చెప్పిన అజీజ్ మౌల్సాబ్ గుర్తొచ్చారు. గుర్తొచ్చారనడం కూడా తప్పే, మరిచిపోతే కదా గుర్తు రావడానికి! నాకు ఉర్దూ రాత దిద్దించింది ఆయన. ఆయన కొలువు పోయింది ఆ రాత వల్లే. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకు తప్ప ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

మాది బెజ్జంకి పక్క పల్లె. మా బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నేను ఎలాగో నాలుగక్షరాలు నేర్చి, సిద్దిపేట బడిలోనే పంతులు పని నేర్పే ఏడాది తరగతిలో చేరాను. మేము ఏడుగురం. వారానికోసారి ఏదో ఒక తరగతిలో వెనక గోడకు ఆనుకుని కూర్చుని, అక్కడి అయ్యవారు చెప్పే పాఠం చూసి పుస్తకంలో రాయాలి. రాసేది ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు. కాబట్టి కుడి పేజీలో చూసింది, ఎడమ పేజీలో మాకు తోచింది. కింద ఆ అయ్యవారే చదివి సంతకం పెట్టాలి. తనిఖీ అధికారి వచ్చినప్పుడు ఆ పుస్తకాలన్నీ ఆయన ముందు పెట్టాలి. మొదటి రోజే మౌల్సాబ్ మాతో ఒక మాట అన్నారు. "చూసింది చూసినట్టు రాయాలె. చూడనిది రాయొద్దు. నన్ను పొగిడితే దస్తకత్ పెట్ట, చెప్తున్న." దస్తకత్ అంటే సంతకం. ఆయనది నారాయణరావుపేట. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, రెండూ ఆయనకు తల్లిపాలే.

ఆ బడిలో పాఠం ఉర్దూలోనే చెప్పాలని అప్పటి సర్కారు కట్టడి. పిల్లలేమో కూలీల బిడ్డలు, గీత పనివాళ్ల బిడ్డలు. ఇంట్లో ఉర్దూ ముక్క వినబడదు. మౌల్సాబ్ లెక్కను ముందు ఉర్దూలో చదివేవారు. పిల్లలు గోడవైపు చూస్తూ కూర్చునేవారు. అప్పుడాయన "అరే, గాలొస్తుంది, గా తలుపు మూయున్రి" అనేవారు. ఎండాకాలంలో కూడా ఆయనకు గాలొచ్చేది! తలుపు మూతపడగానే గొంతు మారేది. "మీ అవ్వ మానికెడు జొన్నలు తెచ్చింది. పక్కింటామె వచ్చి సోలెడు బదులడిగింది. ఇంకెన్ని సోలలున్నయిరా?" ముప్పై చేతులు ఒక్కసారి లేచేవి. మానికకు నాలుగు సోలలని ఆ పిల్లలకు ఎవరు చెప్పాలి? వాళ్లకు రానిది లెక్క కాదు, లెక్క చెప్పే భాష. నేను చిన్నప్పుడు అర్థం కాక బెత్తం దెబ్బలు తిన్నది కూడా అందుకేనని వెనక గోడ దగ్గర కూర్చున్న నాకు అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లోనే ఊరి బయట డేరా వేసి సినిమా ఆడించారు. అందులో నాయకుడు ఒక పంతులు. మా పెద్దసారు మా ఏడుగురినీ సాయంత్రం ఆటకు పంపి, మంచి ఉపాధ్యాయుడి మీద వ్యాసం రాసుకురమ్మన్నారు. బొమ్మలో పంతులు వానలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు, జ్వరంతో బడికొచ్చాడు, చివరకు పిల్లలు ఆయన్ను భుజాల మీద మోసుకుపోయారు. నేను కండువా తడిసేలా ఏడ్చాను. మర్నాడు మౌల్సాబ్ పలకరించారు.

"ఏంరా మల్లేశం, మస్తు ఏడ్చినవట గద?"

"మంచి పంతులు, మౌల్సాబ్. పానం బెట్టి పనిచేసిండు."

"గట్లనా. ఏం పాఠం చెప్పిండు?"

ఎంత ఆలోచించినా ఒక్క పాఠం గుర్తు రాలేదు. ఆయన పడీపడీ నవ్వారు. "గంతసేపు చూస్తివి, ఒక్క లెక్కన్న చెప్పలేదా? గాయన కొలువు మంచిగున్నదిరా, ఏడిపిస్తె చాలు!"

ఆ నవ్వు నన్ను పురుగులా తొలిచింది. ఆ వారం పాఠం చూసి రాసే వంతు ఆయన తరగతిలోనే పడింది. వ్యాసం కూడా అందులోనే కలిపి రాశాను. కుడి పేజీలో ఇలా ఉంది: తలుపు మూశారు. పదకొండు నిమిషాలు తెలుగులో చెప్పారు. పిల్లలందరూ సరైన జవాబు చెప్పారు. ఎడమ పేజీలో ఇంకా ఉత్సాహం: సినిమా పంతులు మాకు కన్నీళ్లు తెప్పించాడు, ఈ పంతులు పిల్లలకు లెక్క తెప్పించాడు. నా రాతకు నేనే మురిసిపోయాను. తెలివి తెల్లారినట్టే ఉంది కదా! పొగడ్త రాస్తున్నాననుకున్నానే గాని, నేరం రుజువు చేస్తున్నానని తట్టలేదు.

మౌల్సాబ్ ఆ రెండు పేజీలూ నిలబడే చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు. "తప్పులున్నయా?" అని అడిగాను. "హర్ఫులు మంచిగొచ్చినయి" అన్నారు. అక్షరాలు బాగా కుదిరాయని. ఒకచోట నేను మరిచిన చుక్క ఒకటి పెట్టి, కింద సంతకం చేసి, పుస్తకం నా చేతికిచ్చారు.

నెల తిరక్కుండా తనిఖీ అధికారి వచ్చి పుస్తకాలు తెరిచాడు. నా పేజీల దగ్గర ఆగి, మౌల్సాబ్‌ను పిలిపించి, నన్ను నిలబెట్టి అడిగాడు. కళ్లారా చూశావా? ఊహించి రాశానంటే అయిపోయేది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో మౌల్సాబే అన్నారు. "పోరగాన్ని ఎందుకడుగుతరు హుజూర్? చూసింది రాసిండు. దస్తకత్ నాదే." పింఛనుకు రెండేళ్లుందనగా ఆయన్ను కొలువులోంచి తీసేశారు. గదిలోంచి వెళ్లేటప్పుడు ఆయన తీసుకుపోయింది ఒక గొడుగు మాత్రమే.

ఇంటికెళ్లి బాపుకు చెప్పి ఏడ్చాను. బాపు చెట్టెక్కే మోకును చుట్టి పక్కన పెట్టాడు. "నేను చెట్టు మీద కాలు జారితే నేనే పడ్త బిడ్డా. నీ కాలు జారితే ఇంకొకరు పడ్డరు గదరా" అన్నాడు. ఆ మాటతో మర్నాడే నారాయణరావుపేటకు నడిచాను. మౌల్సాబ్ వాకిట్లో చింతగింజలు వలుస్తున్నారు. కాళ్ల మీద పడబోతే చేయి పట్టి ఆపారు.

"గా కాగితాలు చింపుమని ఒక్క మాట అనకపోతిరి మౌల్సాబ్. చింపేసేవాణ్ని గద" అన్నాను.

"గందుకే అనలేదు. ఒక్కసారి చింపుమంటే, పంతులువైనంక గూడ చింపుతనే ఉందువు." గింజలు ఒళ్లోంచి చాటలో పోసుకుని మళ్లీ అన్నారు. "నీ తప్పేం లేదు. తలుపు మూసుడే తప్పయింది. మంచి పనికి తలుపెందుకురా? భయపడ్డ. గంతే." నన్ను అన్నం తిననిదే కదలనివ్వలేదు.

తర్వాత సర్కారు మారింది, బడి భాషా మారింది. తెలుగులో పాఠం చెప్పడం నేరం కాని రోజు రాకముందే మౌల్సాబ్ కన్నుమూశారు. ఆ కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. మట్టి వేయడానికి కూడా నోచుకోలేదు. ఏ గదిలో ఆయన కొలువు పోగొట్టానో, నాకు ఉద్యోగం ఆ గదిలోనే వచ్చింది. ఇప్పుడు అన్ని పాఠాలూ తెలుగులోనే చెప్పాలన్నారు. మొదటి వారంలోనే హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన కుటుంబంలోని పిల్ల ఒకతె, ఉర్దూ తప్ప ఏదీ రానిది, నా ముందు కూర్చుంది. నేను మానికలు, సోలలు చెబుతుంటే గోడవైపు చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు.

గాలికి తలుపు దానంతటదే మూసుకోబోతుంటే, లేచి వెళ్లి బార్లా తెరిచి రాయి అడ్డుపెట్టాను. పెద్దసారు వరండాలో తిరుగుతూనే ఉన్నారు. ఆ పిల్ల పక్కన కూర్చుని, మౌల్సాబ్ నేర్పిన ఉర్దూలో, అదే లెక్క మళ్లీ చెప్పాను. పిల్ల మూడు వేళ్లు మడిచి "తీన్" అంది. సాయంత్రం నా పాఠాల పుస్తకం తీసి రాశాను: ఏడు నిమిషాలు ఉర్దూలో చెప్పాను, తలుపు తెరిచే ఉంది. కింద సంతకం చేశాను.