ప్రమీలక్క అడిగిన మాట

బీపీ పట్టీ విప్పేటప్పుడు వచ్చే చర్రుమనే చప్పుడుకు నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. వరంగల్‌లో నేను పనిచేసే ల్యాబులో ఆ చప్పుడు రోజంతా వినక తప్పదు. విన్న ప్రతిసారీ ప్రమీలక్క తన ఒంటి మీది పట్టీ విప్పుతున్నట్టే ఉంటుంది.

ఈ ల్యాబులోనే నాకు రక్తం తీయడం నేర్పిన సీనియర్ నర్సు ఆమె. చేరిన కొత్తలో ఒక ముసలమ్మకు నరం దొరక్క నేను చెయ్యంతా వెతుకుతుంటే, పక్కన నిలబడి మెల్లగా అంది: "కండ్లతోని దేవులాడకు సంధ్యా. జర ఆగు. వేలు పెట్టి చూడు, వేలుకు తెలుస్తది." ఆ రోజు నుంచి ఆమె ఏం చెప్పినా నాకు అదే చదువు.

తర్వాత ఒక కంపెనీ, రొమ్ము క్యాన్సర్‌ను ముందే పసిగడుతుందంటూ ఛాతీకి కట్టుకునే పట్టీ ఒకటి తెచ్చింది. అది మేలా, అదే జబ్బును పట్టే కొత్త రక్తపరీక్ష మేలా అని పోల్చి చూడటానికి మా ల్యాబువాళ్లు నేతగాళ్లుండే కొత్తవాడలో క్యాంపు పెట్టారు. జంపఖానాలు నేసే ఆడవాళ్లు వచ్చారు గానీ, పట్టీని ముట్టుకోవడానికే జంకారు. ప్రమీలక్క పరదా వెనక్కి వెళ్లి ముందు తనే కట్టుకుంది. పరీక్షయ్యాక చర్రున విప్పి బయటికొచ్చి, అందరూ చూస్తుండగా నాచేత రక్తం తీయించుకుంది.

"గీ రెండిట్ల ఏది నమ్మాలె సిస్టర్?" అని ఒకామె అడిగింది.

"రెండూ ఇంక పక్కా గాలేదమ్మా, పరీక్ష చేసి చూస్తాండ్రు. చేతికి గడ్డ తగిలిందంటే మాత్రం మెషిన్ మాట వద్దు, కాయితం మాట వద్దు. సీదా దవాఖానకు పో."

ప్రమీలక్కకు రెండు పరీక్షల్లోనూ ఏమీ లేదని వచ్చింది.

మూడు నెలలకు, మందుల గదిలో దూది సర్దుతూ హఠాత్తుగా అంది: "చంక కింద ఏందో తగుల్తాంది సంధ్యా."

చేతిలో పని ఆపకుండానే జవాబిచ్చాను. "పట్టీల రాలే, రక్తంల రాలే. ఊకె ఫికర్ చేస్తానవక్కా."

"అంతేనంటవా?" అని నా ముఖంలోకి చూసింది.

"అంతే."

తల ఊపి వెళ్లిపోయింది. ఏడు నెలల తర్వాత, నడుము నొప్పితో లేవలేక ఆసుపత్రికి వెళితే, అప్పటికే జబ్బు ఎముకల్లోకి పాకింది.

చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. "నేనే ఆపిన అక్కా నిన్ను."

నీ తప్పేం లేదని ఆమె అనలేదు. అంటుందని ఎంత ఎదురుచూశానో! కళ్లు తెరిచి, "నాక్కూడ గా ఏం లేదన్న మాటే కావాలనిపించింది. అందుకే నిన్ను అడిగిన," అంది. తర్వాత అటు తిరిగి పడుకుంది. ఆ వారంలోనే పోయింది.

ఇప్పుడు పరీక్షకు వచ్చే ప్రతి ఆడమనిషినీ, "చేతికేమన్న తగిలిందా?" అని అడుగుతాను. అవునన్నవాళ్లను మామోగ్రామ్‌కు పంపేదాకా వదలను. కొందరు సరేనని వెళ్లి మళ్లీ కనిపించరు. వాళ్లను తిట్టుకునే హక్కు నాకు లేదు. స్నానాల గదిలో నా చెయ్యి నా రొమ్ము దాకా వెళ్లి ఆగిపోతుంది. అక్క పోయిన ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను తడిమి చూసుకోలేదు.