ముప్పావు అంగుళం

ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ చుర్రుమన్నప్పుడల్లా ఆ ఆవిరి వాసనకు ఎస్తేరమ్మగారు గుర్తొస్తారు. ఫిల్మ్‌నగర్‌లో ఆవిడ సినిమాలకు బట్టలు కుట్టించే కాస్ట్యూమ్ మాస్టర్. అప్పట్లో నేను గ్రూప్ డాన్సర్ని, ఇప్పుడు కటింగ్ మాస్టర్ని. బడిలో లెక్కలు నాకు అబ్బలేదు. అంకెతో ఎలా మెలగాలో ఆవిడను చూసి నేర్చుకున్నాను.

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. సాఫ్ట్‌వేర్ ఆఫీసు సెట్లో పాట, ముప్పై రెండు మందికి బిగుతు ప్యాంట్లు. డాన్సర్లం ఎవరి కొలతలు వాళ్లం నోటితో చెప్పేయడం అలవాటు. ఆవిడ దగ్గర అది సాగేది కాదు. టేపు వేయాల్సిందే, అదీ రెండు కాళ్లకూ.

“పోయిన సినిమాదే రాసుకోండమ్మా, నేనేమన్న పెరుగుతున్ననా?” అన్నాను.

ఆవిడ టేపు వేసి, ఎనిమిది నెలల కిందటి కొలతల పుస్తకం తీసి చూశారు. “నువ్వు పెరగలేదు నాయనా. నీ కుడి మోకాలి పైన ముప్పావు అంగుళం పెరిగింది. ఎడమకాలు ఉన్నట్టే ఉంది.”

అక్కడ నాకు చిన్నప్పటి నుంచీ ఒక గట్టి బుడిపె ఉండేది. ఎముక మీద లేచిన గడ్డేనని, ప్రమాదం లేదని నా పదో ఏట డాక్టరు చెప్పారు. “నొప్పి గూడ లేదమ్మా, జర వదిలేయండి,” అన్నాను.

“ఆయన చెప్పింది అప్పటి గడ్డ గురించి. ఎనిమిది నెలల్లో ఎందుకు పెరిగిందో ఇప్పుడు అడగాలిగా? పద, నేనూ వస్తాను.”

ఎక్స్‌రే తీశారు, స్కాన్ చేశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఒళ్లు ఎదగడం ఆగాక ఇలాంటి గడ్డ పెరగకూడదట. దాని మీది మృదులాస్థి పొర క్యాన్సర్‌గా మారుతోంది. “కాలు ఉంటుందాండీ?” అని ఆవిడే అడిగారు. నెమ్మదిగా పెరిగే రకమని, ఎక్కడికీ పాకలేదని, ఇప్పుడే చుట్టూ కొంత మంచి భాగంతో సహా తీసేస్తే కాలు నిలుస్తుందని డాక్టరు చెప్పారు.

ఆపరేషన్ తర్వాత మొదటిసారి నడిపించిన రోజు ఆవిడ వార్డులో ఉన్నారు. “పద్నాలుగు అడుగులేసిన!” అన్నాను గొప్పగా.

“పదమూడు,” అన్నారు. “ఒకటి నా భుజం మీద బరువేసి వేశావు. అది లెక్కలోకి రాదు.”

ఉక్రోషంగా మరునాడు ఇరవై వేశాను, ఎవరినీ పట్టుకోకుండా. నాకు నచ్చిన అంకె వచ్చినప్పుడు, ఇప్పటికీ ఇంకోసారి లెక్కపెడతాను.