బెల్లం గానుగ దగ్గర షుగర్ పరీక్ష

బుచ్చయ్యపేట పక్కన ఒక ఊరిని నేను పొద్దు పొడిచేలోగా మూకుమ్మడిగా రోగిష్టి ఊరు చేసేశాను. అంటువ్యాధులు కూడా అంత వేగంగా పని చెయ్యలేవు.

అప్పుడు నాకు అయిదో నెల. పల్లెల్లో షుగర్ జబ్బు మీద జరిగే ఒక పరిశోధనలో సర్వే ఉద్యోగం. పరగడుపున వేలు పొడిచి, రక్తపు బొట్టు మెషిన్‌కి చూపించి, అంకె రాసుకోవాలి. అంతే పని. కానీ చెరకు ఆడే రోజుల్లో ఇళ్ల దగ్గర ఎవరుంటారు? చీకటితోనే అందరూ గానుగ దగ్గరే. 'అయితే నేనే గానుగ దగ్గరికి పోతాను!' అనుకుని, ఆ తెలివికి మనసులోనే నాకు నేను శాలువా కప్పుకున్నాను.

గానుగ యజమాని అప్పారావు అప్పుడే బెల్లం దిమ్మ కట్టి లేచి వచ్చి వేలు చాచాడు. స్పిరిట్ దూది అలా తాకించి పొడిచాను. నాలుగు వందల పైన!

"ఏటమ్మా, అలా సూత్తన్నావు? బతుకుతానా?"

"పొద్దున్న ఏం తిన్నారు?"

"ఏటీ తిన్లేదు. నువ్వే కదా నిన్నొచ్చి వద్దన్నావు. బీడీ కూడా ముట్టలేదు!"

ఆయన భార్య నూకాలుకి ఇంకా ఎక్కువ. ఆవిడ తమ్ముడు రమణకి అంతకన్నా ఎక్కువ. బోరు దగ్గర స్నానం చేసి వచ్చిన ఒక ముసలాయనకి మాత్రం మామూలుగా వచ్చింది. ఊరందరిదీ ఒక దారి, ఈయనది ఒక దారా? అనుమానం వచ్చి ఆయన అంకె కొట్టేశాను. అదీ నా శాస్త్రీయ దృష్టి!

ఊరుకోవచ్చు కదా? కళ్లు, కిడ్నీలు, కాళ్లు అంటూ చదివిందంతా వల్లించాను. అప్పారావు కూలబడ్డాడు.

"రమణా, నాకేటైనా అయితే నా సెరుకు నువ్వే సూసుకోవాల."

"నీకు నాలుగొందలే! నాకు అయిదొందలు. ముందు నన్నెవడు సూత్తాడో సెప్పు!" అన్నాడు రమణ.

నూకాలు ముక్కు చీదుతూ నా వైపు తిరిగింది. "కడుపుతో ఉన్నావు, నువ్వూ సూసుకోమ్మా."

పొద్దున్న నేను గానుగ దగ్గరికి రాగానే ఆవిడ నా చేతిలో వేడి బెల్లం ముక్క పెట్టింది. చిన్న ముక్కే. తిని వేళ్లు కూడా నాక్కున్నాను. ఇప్పుడు నా వేలు పొడుచుకుంటే మెషిన్ అంకె కూడా చెప్పలేదు. తన కొలతకు మించిందని చేతులెత్తేసింది.

కాళ్ల కింద భూమి పెనంలో పాకంలా తిరిగింది. "నా బిడ్డ! నా బిడ్డకేమవుతుంది?" అని బావురుమన్నాను. రోగులందరూ లేచి డాక్టర్‌ని ఓదార్చినట్టు నా చుట్టూ చేరారు.

"ఊరుకోమ్మా. మాకందరికీ ఉంది కదేటి, నీకొక్కదానికేటి?" అంది నూకాలు.

వెక్కుతూ మా సర్వే చూసే డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "మేడమ్, ఊరంతా షుగరే! నాక్కూడా! బిడ్డకి కూడా ఉంటుందా?"

"ముందు ఏడుపాపు. ఎక్కడున్నావు?"

"బెల్లం గానుగ దగ్గర."

ఆవిడ మెల్లగా అడిగింది, "సబ్బుతో చేతులు కడిగించావా, తల్లీ?"

మోచేతికి బెల్లం రాసి నాకించేవాళ్ల గురించి విన్నారు కదా? వేలికి బెల్లం ఉంచి ఏడిపించడం మాత్రం నా సొంత ఆవిష్కరణ.

బోరు దగ్గర అందరం చేతులు తోముకున్నాం. ఈసారి ముందు నాకే పరీక్ష, నూకాలే నా వేలు పట్టుకుంది. తిన్న బెల్లాన్ని లెక్కలో వేసుకున్నా, భయపడాల్సినంత అంకె ఏమీ రాలేదు. తర్వాత అప్పారావు, నూకాలు, రమణ. అందరికీ మామూలే. సంతోషంతో మళ్లీ ఏడ్చాను.

అప్పారావు మాత్రం గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు.

"అయితే ఇందాక నువ్వు కొలిసింది నా వొంట్లో తీపి కాదు, నా బెల్లంలో తీపన్నమాట?"

"అవునండీ, క్షమించండి."

"సెమాపణలెందుకమ్మా! ఆ నాలుగొందలూ ఓ కాయితమ్మీద రాసి సంతకం పెట్టు. అనకాపల్లి మార్కెట్లో సూపిత్తాను!"

"నాకు అయిదొందలని రాయమ్మా!" అని రమణ అడ్డం పడ్డాడు.

అందుచేత మా పాప మీద ఒట్టేసి, తూర్పుకు తిరిగి చెబుతున్నాను: ఇక మీదట చేతులు కడగనిదే ఎవరి వేలూ పొడవను, ఎవరికీ రోగం అంటగట్టను. బెల్లానికి సర్టిఫికెట్ మాత్రం చచ్చినా ఇవ్వను.